ఏప్రిల్లో కొందామనుకున్న ట్రైలర్

రఘువీర్‌కు చిన్నప్పట్నుంచీ నాలుగు గోడల మధ్య కంటే ఆరుబయట పడుకుంటేనే కంటినిండా నిద్ర. ఒంగోల్లో వాళ్ళ నాన్నది మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు. షాపు వెనక ఒకటే గది. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ డాబా మీదే పడుకునేవాళ్ళు. ఆ అలవాటు ఎంత గట్టిదంటే, ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ వచ్చి డాక్టర్ మూర్తిగారి ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నప్పుడు, అక్కడి చలిలో కూడా కిటికీ కాస్త తెరుచుకుని పడుకునేవాడు. మూర్తిగారి భార్య కమల ఆంటీ రోజూ పొద్దున్నే వచ్చి ఆ కిటికీ మూసి వెళ్ళేది.

చదువయ్యాక బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం దొరికింది. 2008లో చీరాలమ్మాయి కిరణ్మయితో పెళ్ళయింది. మరుసటి ఏడాది అచ్యుత్ పుట్టాడు. ఆఫీసులో పక్క సీటతను ఒక వేసవిలో తన పాత టెంట్ ఇచ్చి, పిల్లాణ్ణి తీసుకుని సముద్రం వైపు వెళ్ళిరమ్మన్నాడు.

"ఇల్లు పెట్టుకుని, డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకోవడం ఏందండీ?" అంది కిరణ్మయి.

కానీ వెళ్ళింది. డోర్సెట్‌లో ఒక గుట్ట మీద, కింద సముద్రం కనిపించే పొలంలో టెంట్ వేశారు. గాలికి రాత్రంతా గుడ్డ టపటపలాడింది. పొద్దున్నే ఆమె చిన్న గ్యాస్ పొయ్యి మీద ఉప్మా చేసింది. పక్క టెంట్లో ముసలాయన ఆ వాసనకు వచ్చి గిన్నె పట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు కార్లో, మళ్ళీ ఎప్పుడు వెళ్దామని ఆమే అడిగింది. ఆ తర్వాత సొంత టెంట్ కొన్నారు. ఏటా రెండు మూడు సార్లు వెళ్ళేవాళ్ళు. ఉద్యోగంలో పెద్దగా ఎదగకపోయినా, స్నేహితులంతా ఇళ్ళు కొనుక్కుంటున్నా, రఘువీర్ ఆ రోజుల్లో సంతోషంగానే ఉన్నాడు.

అచ్యుత్‌కు నాలుగో ఏడు నడుస్తున్న వేసవిలో ఒకరోజు వాడు టెంట్లో నేల మీద నుంచి లేవడం చూసి రఘువీర్‌కు నవ్వొచ్చింది. పిల్లలు లేచినట్టు లేవడు. ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి, తర్వాత ఒక్కో చేతినీ మోకాళ్ళ మీద, తొడల మీద వేసుకుంటూ తన ఒంటి మీదే తాను ఎక్కుతున్నట్టు నిలబడతాడు. "తాతయ్య లేచాడు" అని నవ్వుతూ ఫోన్లో వీడియో తీసి, ఇంట్లోవాళ్ళందరికీ పంపించాడు. అందరూ నవ్వారు. ఒంగోలు నుంచి వాళ్ళ నాన్న కూడా ఫోన్ చేసి, వాడికి నా పోలికే వచ్చిందన్నాడు.

ఆ చలికాలంలో కిరణ్మయికి కూతురు పుట్టింది. వర్షిత అని పేరు పెట్టారు. పాప పనిలో పడి, నర్సరీలో టీచరు అచ్యుత్ తరచూ పడిపోతున్నాడని చెప్పినా మొదట పట్టించుకోలేదు. దగ్గర్లోని క్లినిక్‌లో డాక్టరు కూడా కొందరు పిల్లలకు కాళ్ళు ఆలస్యంగా కుదురుకుంటాయని పంపించేశాడు. రెండోసారి వెళ్ళినప్పుడు రఘువీర్‌కు ఎందుకో ఆ వీడియో గుర్తొచ్చి చూపించాడు. డాక్టరు నవ్వలేదు. మళ్ళీ ఒకసారి వేయమని అడిగి చూశాడు. అప్పటికప్పుడే రక్తపరీక్షకు రాసిచ్చాడు.

పెద్దాసుపత్రిలో వాళ్ళకు చెప్పిన డాక్టరమ్మ చాలా నెమ్మదిగా మాట్లాడింది. కండరాలు క్రమంగా కరిగిపోయే జబ్బు. మగపిల్లలకే వస్తుంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాత ఊపిరి, గుండె. కాళ్ళు ఇంకొన్నేళ్ళు నడిచేలా చూసే మందులున్నాయి గానీ నయం చేసే మందు లేదు. తల్లి వైపు నుంచి వస్తుందని కూడా చెప్పింది, అందులో ఎవరి తప్పూ లేదని వెంటనే అంది.

ఇంటికొచ్చి కిరణ్మయి చీరాలలో ఉన్న తల్లి శేషమ్మకు ఫోన్ చేసింది. శేషమ్మకు ఒక తమ్ముడుండేవాడు, వెంకటసుబ్బయ్య. పదిహేడో ఏటే పోయాడు. పోలియో అని అందరూ చెప్పుకునేవాళ్ళు.

"అమ్మా, మామ నేల మీద నుంచి ఎట్టా లేచేవాడు?" అని అడిగింది.

"ఇప్పుడెందుకే ఆ సంగతి?"

"చెప్పమ్మా. చేతులు తొడల మీద పెట్టుకుని లేచేవాడా?"

"అట్టాగే లేచేవాడు. మేమంతా ఆటపట్టించేవాళ్ళం," అంది శేషమ్మ. ఇద్దరిలో ఎవరూ వెంటనే ఫోన్ పెట్టేయలేదు.

కిరణ్మయి ఆ రోజు తర్వాత ఏడవడం రఘువీర్ చూడలేదు. మారింది మాత్రం కనిపించింది. కెమిస్ట్ షాపులో చేస్తున్న పార్ట్‌టైమ్ పని మానేసింది. పిల్లాడి మందులు, కాళ్ళకు రాత్రిపూట కట్టే పట్టీలు, సాగదీసే కసరత్తులు, అన్నీ తనే చూసేది. ఏ పనైనా వాడికి ప్రమాదమా కాదా అన్నదొక్కటే ఆలోచించేది. రఘువీర్ ఆలోచన ఇంకోలా ఉండేది. కాళ్ళు ఉన్నన్నాళ్ళలో వాడికి ఏమేం చూపించాలా అని అతని గోల. ఇద్దరూ ఒకే భయంతో ఉన్నారు గానీ, ఆ భయం ఒకరిని ఇంట్లోకి, ఇంకొకరిని బయటికి లాగేది.

టెంట్ మాత్రం మానలేదు. అచ్యుత్ మానేయనిచ్చేవాడు కాదు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్లాడు, ఆ ఒక్క విషయంలో మాత్రం తండ్రి మెడ చుట్టూ చేతులేసి తెలుగులో "టెంట్‌కి పోదాం నాన్నా" అనేవాడు.

2017 ఆగస్టులో అదీ కుదరకుండా పోయింది. అప్పటికి వాడికి ఎనిమిదో ఏడు. స్టెరాయిడ్ మందుల వల్ల ముఖం ఉబ్బి, ఒళ్ళు బరువెక్కింది. టెంట్లో నేల మీద పడుకున్నవాడు పొద్దున్నే బాత్రూమ్ కోసం లేవబోయాడు. బోర్లా తిరిగాడు గానీ పిరుదులు పైకి రాలేదు. ఎవర్నీ లేపకుండా తనంతట తనే లేవాలని చాలాసేపు ప్రయత్నించినట్టున్నాడు. రఘువీర్ లేచి చూసేసరికి స్లీపింగ్ బ్యాగు తడిసిపోయి ఉంది. వాడు ముఖం దిండులో దాచుకుని, చెల్లికి చెప్పొద్దని ఇంగ్లీషులో బతిమాలుతున్నాడు.

మధ్యాహ్నానికల్లా టెంట్ విప్పి ఇంటికి వచ్చేశారు.

ఆ వారమే రఘువీర్ ట్రైలర్ల గురించి చదవడం మొదలుపెట్టాడు. పెద్ద క్యారవాన్ వాళ్ళ పాత కారు లాగలేదు. మంచాలున్న వ్యాను వాళ్ళ తాహతుకు మించినది. అట్లా వెతుకుతుంటే టియర్‌డ్రాప్ కనిపించింది. ముందు గుండ్రంగా, వెనక్కి వాలుగా, నీటిబొట్టు పక్కకు పడుకున్నట్టుండే చిన్న ట్రైలర్. లోపల ఒక పరుపు, రెండు పక్కలా రెండు తలుపులు, అంతే. వెనక మూత పైకెత్తితే పొయ్యి, చిన్న సింకు, గిన్నెల అర. తేలికైనది గనక వాళ్ళ కారుకు సరిపోతుంది, అతని లైసెన్స్ మీదే లాగవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, పరుపు నేల మీద కాకుండా మోకాలెత్తులో ఉంటుంది. వాడు నేల మీద నుంచి లేవక్కర్లేదు. అంచుకు జరిగి, కాళ్ళు దించి, నిలబడితే చాలు.

కిరణ్మయి అతను చూపించిన ఫొటోలన్నీ చూసింది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, పెసలు ఏరుకుంటూనే ఒక్కొక్కటీ అడిగింది.

"నలుగురం పడతామా ఇందులో?"

"ఇద్దరు పెద్దాళ్ళు, ఒక చిన్నపిల్ల. కాళ్ళ దగ్గర అడ్డంగా చెక్క మంచం ఒకటి వేస్తారు. వర్షిత దాని మీద పడుకుంటది. నేను బయట చిన్న టెంట్లో ఉంటా."

"వర్షిత ఎన్నాళ్ళు పడుతుంది దాంట్లో?"

"రెండు మూడేళ్ళు."

"వాన పడితే వంట?"

"పైన మూత ఉంటది గదా. దానికి ఒక షీట్ కట్టుకోవచ్చు."

"వానలో నుంచొని మీరు వండుతారా, నేను వండాలా?" అని ఆగి, అసలు సంగతి అడిగింది. "లోపల నుంచోడానికి లేదు. కూర్చోడమో పడుకోడమో. వాడికి బట్టలు మార్చాలంటే? కాళ్ళకు పట్టీలు కట్టాలంటే? వాణ్ణి నేను ఒంగి లాగాలి. చంకల కింద చేతులేసి లేపొద్దని ఫిజియో ఆమె ఎన్నిసార్లు చెప్పింది?"

"తలుపు దగ్గరికి వాడే జరుగుతాడు."

"ఈ ఏడు జరుగుతాడు."

ఆమె ఏరిన పెసలు గిన్నెలో పోసి, నీళ్ళు పట్టి, "అదిగాక యాడ పెడతారు? ఫ్లాట్స్ ముందు ట్రైలర్లు పెట్టనియ్యరు," అంది. ఊరి బయట ఒక ఫామ్‌లో పెట్టుకోనిస్తారని అతను కనుక్కున్నాడు. అది కూడా చెప్పాడు. ఆమె వద్దనలేదు, సరేననీ అనలేదు.

మర్నాడు ఆఫీసులో భోజనం వేళ, కార్ పార్క్‌లోకి వెళ్ళి న్యూకాసిల్ మూర్తిగారికి ఫోన్ చేశాడు. మూర్తిగారు అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. చదువుకునే రోజుల నుంచీ ఏదైనా తేలకపోతే రఘువీర్ ఆయన్నే అడిగేవాడు.

"అంకుల్, ఇట్టాంటి ట్రైలర్ కొంటే మాకు ఎన్నేళ్ళు పనికొస్తది?" అని, దాని సంగతంతా చెప్పాడు.

మూర్తిగారు అంతా విన్నారు. "ట్రైలర్ గురించి నాకేం తెలుసయ్యా. నువ్వడిగేది వాడి కాళ్ళ గురించి."

"అవునంకుల్."

"వాడి డాక్టర్లు చెప్పిన దానికంటే నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కో పిల్లాడిది ఒక్కోలా ఉంటుంది. కానీ ఆపరేషన్లకని నా దగ్గరికొచ్చే ఇట్లాంటి పిల్లల్లో ఒకటి చూశాను. కొంచెం కొంచెం తగ్గుతూ పోయి ఒకరోజు ఆగిపోతుందనుకుంటాం. చాలామందికి అట్లా జరగదు. ఎక్కడో పడతారు, ఎముక విరుగుతుంది, కొన్ని వారాలు మంచం మీద ఉంటారు. ఆ తర్వాత కాళ్ళు తిరిగి రావు. ఆ మందులకు ఎముకలు కూడా బలహీనపడతాయి."

రఘువీర్ కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

"కొనాలనుకుంటే ఈ ఏడాదికే అనుకుని కొనుక్కో," అన్నారు మూర్తిగారు. "వచ్చే ఏడాది దాన్ని వాడలేకపోయినా బాధ లేదనుకుంటేనే కొను. ఎన్నేళ్ళని లెక్క వేశావంటే మాత్రం ఎప్పటికీ కొనలేవు. ఈ మాట మీ ఆవిడకి కూడా చెప్పు."

చెప్తానన్నాడు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అచ్యుత్ హాల్లో గోడ పట్టుకుని నడుస్తూ చెల్లెలికి పాఠం చెప్తున్నాడు. కిరణ్మయి తలుపు దగ్గర నిలబడి వాడి పాదాలే చూస్తోంది. ఆ ముఖం చూశాక అతనికి ఆ మాట నోట్లోంచి రాలేదు. పడతాడు, విరుగుతుంది, ఇక నడవడు అని ఆమెతో ఎట్లా అనాలో తెలియలేదు. రేపు చెప్దామనుకున్నాడు.

సెప్టెంబరులో ఒక శనివారం, ఆండోవర్ దగ్గర పల్లెటూళ్ళో అమ్మకానికున్న ట్రైలర్ చూడ్డానికి నలుగురూ వెళ్ళారు. అమ్మే ఆవిడ పేరు హెలెన్. ఆమె భర్త గరాజ్‌లో కూర్చుని తన చేత్తో కట్టిన బండి. లోపలంతా ప్లైవుడ్, పైన పల్చటి అల్యూమినియం రేకు. పిల్లలు పొడుగైపోయారు, ఇక ఇందులో పట్టరు, అందుకే అమ్ముతున్నామని ఆమె చెప్పింది.

రఘువీర్ ముందు చక్రాలు, కొక్కెం, లైట్లు చూశాడు. కిరణ్మయి ఒంగి లోపల వాసన చూసింది. తేమ వాసన లేదు. తలుపులు, పైకప్పులో ఉన్న చిన్న కిటికీ కాస్త తెరిచి ఉంచకపోతే పొద్దుటికి లోపల గోడలన్నీ నీళ్ళు కారతాయని హెలెన్ దాచకుండా చెప్పింది. వెనక పొయ్యి దగ్గర గాలివాటు కూడా ఎటుండాలో చూపించింది.

"కెన్ ఐ గో ఇన్?" అన్నాడు అచ్యుత్.

అందరూ ఆగి చూశారు. వాడు తలుపుకు వీపు పెట్టి నిలబడ్డాడు. చేతులు వెనక పరుపు మీద ఆనించి కూర్చున్నాడు. ఒక కాలు తనే పైకి పెట్టుకున్నాడు. రెండో కాలును రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని ఎత్తి లోపల పెట్టుకున్నాడు. తర్వాత వెనక్కి పడుకుని పైకప్పు కిటికీలోంచి ఆకాశం చూశాడు. తండ్రి వైపు తల తిప్పి నవ్వాడు. రఘువీర్‌కు వాడు ఆ ఏడాది అట్లా నవ్వడం గుర్తులేదు.

వర్షిత వాడి పక్కకు దూకింది. ఇంతలో వాన మొదలైంది. హెలెన్ తను టీ పెట్టి తెస్తానని, అంతసేపూ లోపల కూర్చోమని వాళ్ళతో చెప్పి ఇంట్లోకి వెళ్ళింది. కిరణ్మయి కాస్త తటపటాయించి, చెప్పులు విడిచి, అవతలి తలుపులోంచి ఎక్కి పిల్లల పక్కన పడుకుంది. రఘువీర్ ఇవతల అంచున ఒరిగి, కాళ్ళు బయటికి పెట్టుకున్నాడు. నలుగురూ ఒకరినొకరు ఒత్తుకుంటూ ఉన్నారు. రేకు మీద వాన చప్పుడు గట్టిగా ఉంది. అచ్యుత్ తల్లి చేతిని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు.

దిగేటప్పుడే కష్టమైంది. అంచుకు జరగడం, కాళ్ళు దించడం వరకు వాడే చేసుకున్నాడు. తడి గడ్డి మీద నిలబడబోతే మోకాళ్ళు ముడుచుకుపోయాయి. రఘువీర్ పట్టుకున్నాడు గనక పడలేదు. వాడు, ఐయామ్ ఫైన్, ఐయామ్ ఫైన్, అంటూనే ఉన్నాడు. హెలెన్ టీ కప్పులతో వస్తూ అది చూసి, చూడనట్టు కప్పులు సర్దుకుంది. తర్వాత రఘువీర్‌తో, తొందరపడొద్దు, మీరు తేల్చుకునేదాకా ఎవరికీ ఇవ్వను అంది.

తిరుగు దారిలో పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోయారు. కిరణ్మయి అద్దం మీద వాన చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"బావుంది," అంది. "కొందాం. ఏప్రిల్లో కొందాం."

"ఏప్రిలా?"

"ఇప్పుడు కొని ఏం చేస్తారు? చలికాలమంతా ఆ ఫామ్‌లో పడుండాలి. మార్చిలో వాడికి ఆసుపత్రిలో పరీక్షలన్నీ ఉన్నాయి. వాళ్ళేమంటారో చూద్దాం. ఈలోపు మనం అడిగిన కింది అంతస్తు ఫ్లాట్ కూడా దొరకొచ్చు. తలుపు దగ్గర పెట్టుకోడానికి గట్టి మెట్టొకటి, పట్టుకోడానికి ఒక కడ్డీ చేయిద్దాం. అప్పుడైతే ఎండలు కూడా ఉంటాయి."

ఒక్కటి కూడా తప్పు మాట కాదు. అన్నీ ఆలోచించి చెప్పింది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి వచ్చే వేసవి గురించి మాట్లాడుతోంది. ఆ గొంతులో ఉన్న ఆశ విన్నాక రఘువీర్‌కు మూర్తిగారి మాట చెప్పాలనిపించలేదు. అక్టోబర్లో సెలవులున్నాయి, అప్పుడొకసారి వెళ్దాం అని మాత్రం అన్నాడు.

"చలిలో వాడికి జలుబు చేస్తే ఛాతీకి పట్టుద్దండీ," అందామె.

అతను సరేనన్నాడు. ఏప్రిల్లో తీసుకుంటామని హెలెన్‌కు ఫోన్ చేసి చెప్పాడు.

జనవరిలో, బడిలో తరగతి గది నుంచి భోజనాల హాలుకు వెళ్తుంటే అచ్యుత్ పడ్డాడు. ఎవరూ తోయలేదు. నేల తడిగా కూడా లేదు. పక్కన సాయానికి ఉండే ఆవిడ చెయ్యి అందుకునేలోపే పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. వీలైనంత తొందరగా నిలబెట్టాలని ఫిజియో వాళ్ళు చాలా కష్టపడ్డారు. చట్రంలో నిలబెట్టేవాళ్ళు, బెల్టులు కట్టేవాళ్ళు. వాడు నొప్పికి ఏడ్చేవాడు, తర్వాత ఏడవడం మానేసి పళ్ళు బిగబట్టి నిలబడేవాడు. చట్రం తీసేస్తే కాళ్ళు నిలిచేవి కావు. రెండో కాలు, విరగని కాలు కూడా, మంచం మీద ఉన్న రోజుల్లోనే ఓడిపోయింది.

మార్చిలో జరగాల్సిన పరీక్షలు జరిగాయి. అక్కడ నడక పరీక్ష అనే చోట డాక్టరమ్మ ఏమీ చేయించలేదు. చక్రాల కుర్చీ కొలతలు తీసుకున్నారు.

ఏప్రిల్ మొదట్లో హెలెన్ ఫోన్ చేసింది. బండి మీకోసమే ఉంచాను, గడ్డి ఆరింది, ఎప్పుడొస్తారు అని అడిగింది. రఘువీర్ జరిగింది చెప్పాడు. ఆమె, ఊరికే ఇస్తాను తీసుకెళ్ళండి అంది. అతను థ్యాంక్స్ చెప్పి, మాకు ఇక పనికిరాదండీ, వేరే ఎవరికైనా ఇచ్చేయండి అన్నాడు.

ఫోన్ పెట్టేసి చూస్తే కిరణ్మయి గుమ్మంలో ఉంది. పిల్లలు బడికి వెళ్ళారు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నేను ఏప్రిల్ అన్నాను," అంది. "ఇన్నాళ్ళలో మీరు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలా."

"ఎత్తితే ఏమొస్తది?"

"అక్టోబర్లో మీరన్నట్టు వెళ్ళుంటే వాడు ఒక్కసారన్నా పడుకునేవాడు దాంట్లో. సముద్రం దగ్గర. నేనే వెళ్ళనీలా."

రఘువీర్ మూర్తిగారితో మాట్లాడిన సంగతి చెప్పాడు. ఆయన అన్న ప్రతి మాటా చెప్పాడు. పడతారు అన్నది, ఈ ఏడాదికే అనుకుని కొనమన్నది, మీ ఆవిడకి చెప్పమన్నది.

ఆమె కదలకుండా వింది. "ఇది ఎప్పటి మాట?"

"మనం హెలెన్ వాళ్ళింటికి పోకముందే."

"అంటే కార్లో నేను మెట్టు, కడ్డీ అని చెప్తా ఉన్నప్పుడు మీకు తెలుసు."

"తెలుసు."

"నాకెందుకు చెప్పలా?"

"నీ ముఖం చూసి చెప్పలేకపోయా."

"నా ముఖం చూసి," అంది కిరణ్మయి. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. "నేను ఏమైపోతాననుకున్నారు? వాణ్ణి రోజూ చూసేది నేను. ఆ మాట నాకు తెలిస్తే, ఆ రోజే కారుకు కట్టించుకుని తీసుకొచ్చేదాన్ని. జలుబు చేస్తే చేసేది."

ఆమె లేచి వెళ్ళి వాడి గదిలో పక్క దులపడం మొదలుపెట్టింది. అతను వెనకాలే వెళ్ళి దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు. ఆమె వదలమనలేదు. ఆ తర్వాత చాలా నెలలు వాళ్ళిద్దరి మధ్య మాటలు మందుల గురించి, వేళల గురించి, వర్షిత బడి గురించే సాగాయి. విడిపోలేదు. విడిపోయే తీరిక కూడా లేదు. అక్కడి మునిసిపాలిటీ, కౌన్సిల్ వాళ్ళు కింది అంతస్తు ఇల్లు ఇచ్చారు. తలుపులు వెడల్పు చేశారు. పైకప్పుకు పట్టాలు బిగించి, పిల్లాణ్ణి మంచం నుంచి కుర్చీలోకి ఎత్తే యంత్రం అమర్చారు. రఘువీర్ దాన్ని నడపడం నేర్చుకున్నాడు.

2019 వేసవిలో అతను ఇంకోసారి ప్రయత్నించాడు. న్యూ ఫారెస్ట్‌లో చక్రాల కుర్చీ వెళ్ళేలా వాలు కట్టిన చెక్క ఇల్లొకటి కొన్నాళ్ళకు అద్దెకు తీసుకున్నాడు. కిరణ్మయి అడ్డు చెప్పలేదు. ఆమే ముందుగా సామాను సర్దింది. చుట్టూ చెట్లు, గుమ్మం ముందు తిరిగే గుర్రాలు. వర్షిత రోజంతా వాటి వెనకే తిరిగింది. అచ్యుత్ వరండాలో కుర్చీలో కూర్చుని చూశాడు.

రెండో రోజు పొద్దున రఘువీర్ వాడికి పాలు తాగిస్తున్నాడు. వాడు తండ్రి ముఖం వైపు కాకుండా పక్కకు చూస్తూ, ఇంగ్లీషులో, నెమ్మదిగా అడిగాడు. "నాన్నా, వచ్చే ఏడాది మనం ఇంట్లోనే ఉండొచ్చా?" అని దాని అర్థం.

"ఏం నాన్నా, ఇక్కడ బాలేదా?"

ఇక్కడి మంచం గట్టిగా ఉందట. ఇంట్లో మంచానికైతే బటన్ ఉంటుంది, తనే నొక్కుకుని ఒళ్ళు సర్దుకోవచ్చు. ఇక్కడ రాత్రి పక్కకు తిరగాలన్న ప్రతిసారీ నాన్నను పిలవాలి. పిలవకుండా ఉండాలని చాలాసేపు చూశాడట. అది చెప్పి, "మీకు ఇష్టమని వచ్చాను" అన్నాడు, ఈసారి తెలుగులో.

"మరి ముందే చెప్పొచ్చు గదరా."

"యూ లుక్డ్ హ్యాపీ," అన్నాడు వాడు.

రఘువీర్ మూతి తుడిచి గ్లాసు పక్కన పెట్టాడు. సరేనన్నాడు. లోపలికి వెళ్ళి కిరణ్మయికి చెప్పాడు. ఆమె ఏమీ అడగకుండా బ్యాగులు బయటికి తీసింది. ఇంకా రెండు రాత్రులు ఉండాల్సింది, ఆ మధ్యాహ్నమే బయల్దేరారు. వర్షిత గుర్రాల కోసం దారి పొడుగునా ఏడ్చింది.

ఇంట్లో యంత్రంతో పైకెత్తి మంచం మీద పడుకోబెట్టాక, అచ్యుత్ వేలితో బటన్ నొక్కుకున్నాడు. తలవైపు కొద్దిగా లేచింది. కళ్ళు మూసుకున్నాడు. వాడి భుజాలు ఆ రెండు రోజుల్లో మొదటిసారి వదులయ్యాయి. తండ్రి అది చూశాడు. తర్వాత కార్లో మిగిలిన సామాను దించడానికి బయటికి వెళ్ళాడు. కిరణ్మయి కూడా వచ్చి ఒక బ్యాగు అందుకుంది.

ఆ తర్వాత వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు.